మామ గోల్‌లో నిలబడ్డ శుక్రవారాలు

కిందటి చలికాలం మా తమ్ముని కొడుకు సురేశ్ నన్ను బలవంతంగా దుబాయ్ తీసుకుపోయాడు. దుబాయ్ అంటే దుబాయ్ కాదు, వాడుండేది అబూదాబీ పక్కన బనియాస్‌లో. మా జగిత్యాల వైపు ఊళ్ళలో ఆ ఎడారిలో ఏ మూలకు పోయినా దుబాయ్ పోయినట్టే లెక్క. "పెద్దబాపూ, నువ్వు పనిచేసిన జాగ చూపిస్త, రా" అని వాడు ఒకటే పోరు. నాకు పోవాలని ఉందో లేదో నాకే తెలియలేదు. మోకాళ్ళ నొప్పులు, చక్కెర మాత్రలు, ఇవన్నీ సాకులుగా చెప్పాను. వాడు వినలేదు. కారులో రువైస్ దాకా పోయి, అదీ దాటి ఇంకా పడమటికి పోయాం. ఒకప్పుడు ఆ దారిలో కంపెనీ బస్సు కిటికీలోంచి ఇసుక తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు దారి పొడవునా చెట్లు, దీపాల స్తంభాలు, పెట్రోలు బంకులు, ఆ బంకుల్లో మళ్ళీ కాఫీ కొట్లు. ఒకచోట కారు ఆపమని "ఇదే కావచ్చురా" అన్నాను. "కావచ్చు ఏంది పెద్దబాపూ? ఏండ్లకేండ్లు ఉంటివి గదా!" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. వాడేమో క్యాంపు వెతుకుతున్నాడు. నేను వెతుకుతున్నది గట్టిపడిన ఉప్పునేలను, దానిమీద పాతిన ఇనుప పైపులను.

రువైస్‌లో రిఫైనరీ కడుతున్న రోజులవి. మా క్యాంపు దానికి కూడా అవతల, గొట్టాలు వేసే పని జరిగేచోట ఉండేది. చెక్క గదులు, ఒకదానిమీద ఒకటి ఇనుప మంచాలు. కింద మంచం మామది, పైది నాది. మామ అంటే మా అమ్మ తమ్ముడు పోశెట్టి. "పోరన్ని నా కండ్లముంగట వెట్టుకుంట అక్కా" అని అమ్మకు మాటిచ్చి నన్ను ఆ దేశం తెచ్చింది ఆయనే. అప్పటికి నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు. గదిలో పెద్దమనిషి నర్సయ్య కాక. వంట ఆయనదే, పెత్తనమూ ఆయనదే. కిరసనాయిలు స్టవ్వు మీద చింతపండు పులుసు మరుగుతుంటే పక్క గదుల మలబారువాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళు, వాళ్ళు చేపలు వేయిస్తుంటే మేం మూసుకునేవాళ్ళం. కాక ఎంత ఆకలిగా ఉన్నా మొదటి ముద్ద తీసి కిటికీలో పెట్టేవాడు. కాకులు లేని ఎడారిలో అది ఎవరికి పెడుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే "తినేటోడు తింటడు, నీకెందుకు?" అనేవాడు. ఏసీ డబ్బా నుంచి నీళ్ళు కారి మా గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. చెమట, నొప్పుల తైలం, బీడీ, తడిసిన చెక్క, అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఒక్కోసారి ఊరికే నా ముక్కుకు తగులుతుంది. ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు.

ఆ గదిలోకే అమ్మమ్మ చావు కబురు వచ్చింది. మా పక్క ఊరి మనిషి ఒకాయన సెలవు నుంచి తిరిగొస్తూ అమ్మ పంపిన మామిడితొక్కు సీసా తెచ్చాడు. సీసా చేతికిచ్చి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు. అప్పటికే దినాలు కూడా అయిపోయాయి. మామ ఒక్కడే కొడుకు. తలకొరివి పాలోళ్ళ పిల్లగాడెవడో పెట్టాడట. ఆ తొక్కు అమ్మమ్మ చేతితో పెట్టినదే. మామ సీసాను చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నర్సయ్య కాక చేత గుండు గీయించుకున్నాడు. స్నానం చేసి వచ్చి, సీసాను తలాపున పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే నన్ను భయపెట్టింది. డ్యూటీకి పోయేవాడు, యంత్రంలా చేసేవాడు, వచ్చి మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. కాక పళ్ళెం తెచ్చి పక్కన పెడితే అది అట్లాగే చల్లారిపోయేది. "పోశిగా, ఇంత తినరా, నీకు దండం వెడ్త" అని కాక బతిమిలాడేవాడు. "నోట్లెకు పోతలేదు కాకా" అనేవాడు మామ, అంతే. మనిషి కళ్ళముందే సగమైపోయాడు. పైమంచం మీద పడుకుని నేను ఆయన ఊపిరి వినేవాణ్ణి. ఈయనకేమైనా అయితే అత్తకు ఏం చెప్పాలి, అమ్మకు ఏం చెప్పాలి అనే దిగులే తప్ప, అమ్మమ్మ పోయినందుకు రావాల్సిన ఏడుపు కూడా నాకు రాలేదు.

మా క్యాంపు నుంచి నడిచిపోయేంత దూరంలో అక్కడి స్థానికుల ఊరు ఒకటి ఉండేది. ఊరంటే సర్కారు కట్టించిన ఇండ్ల వరసలు, ఒక మసీదు, ఒంటెల దొడ్లు. ఆ దేశం చమురు ముఖం చూడకముందు నుంచీ ఆ ఎడారిలో ఒంటెలు తోలుకుని, ఎండాకాలం సముద్రంలో ముత్యాలకు మునిగి బతికినవాళ్ళు. వాళ్ళ పిల్లలు అప్పటికే పోలీసులోనో మిలిటరీలోనో చేరి అబూదాబీ పోతున్నారు. ఆ ఊరికి బజారు లేదు, సినిమా లేదు. ఉన్నది ఫుట్‌బాల్. శుక్రవారం సాయంత్రం నమాజు కాగానే ఊరంతా ఉప్పునేలకు చేరేది. ఇసుకలో కాలు దిగబడుతుంది గానీ ఆ ఉప్పు పేరుకున్న నేల బండలా ఉంటుంది. దానిమీద కాలిన ఇంజనాయిలుతో గీతలు గీసేవాళ్ళు. తెల్లటి నేల మీద నల్లటి గీతలు. ముసలివాళ్ళు చాప పరుచుకుని, గావా అనే యాలకుల కాఫీ తాగుతూ, ఒంటె కర్రలు ఊపుతూ అరిచేవాళ్ళు. ఎవరింట పెండ్లి కుదిరినా, ఎవరి ఒంటె తప్పిపోయినా, ఎవరికెవరితో మాటలు లేకపోయినా అన్నీ ఆ చాప మీదే తేలేవి. ఆట ఒక్కటి ఆగిందంటే ఆ ఊరు ఎవరింట్లో వాళ్ళదైపోయేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట్లో మాత్రం, ఇంత ఎండలో ఒక్క బంతి వెంట ఇంతమంది పడటమేందిరా అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆ ఊరి జట్టుకు పెద్ద సాలెం అనే ఆయన. ముప్ఫై దాటినవాడు, బక్కపలచని మనిషి, నవ్వడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో పడవలో బొంబాయి పోయి వచ్చేవాడట, అందుకని హిందీ ముక్కలు మాట్లాడేవాడు. కుర్రవాళ్ళు ఉద్యోగాలకు పోయి జట్టుకు మనుషులు చాలక, ఒక శుక్రవారం మా క్యాంపుకొచ్చి గది గదికీ తిరిగాడు. మలబారువాళ్ళు ఆటగాళ్ళే కానీ ఆ రోజు వాళ్ళకు డ్యూటీ ఉంది. మా తలుపు తోసి "గోల్ మే ఏక్ ఆద్మీ చాహియే" అన్నాడు. గోల్‌లో నిలబడటానికి ఒక మనిషి కావాలట. మాకు తెలిసింది చెడుగుడు. నర్సయ్య కాక గరిటె ఊపి "మాకు రాదు సాబ్, జావో" అన్నాడు. సాలెం పోలేదు. గోడవైపు తిరిగి పడుకున్న గుండు మనిషిని చూశాడు. సాలెంకేం తెలుసు, ఎవరు పోయారు, ఎందుకు పడుకున్నాడు అని! నేరుగా పోయి దుప్పటి లాగేసి, మామ రెక్క పట్టుకుని "యల్లా, ఉఠో" అన్నాడు. కాక నోరు తెరిచాడు. నేను మంచం మీది నుంచి దూకబోయాను, మామ కొడతాడేమోనని. మామ లేచాడు. లుంగీ ఎగగట్టి, చెప్పులు వెతుక్కుని, ఆయన వెనకే నడిచిపోయాడు. కాక దండం పెట్టినా లేవని మనిషి, నేను కాళ్ళావేళ్ళా పడినా లేవని మనిషి! ఎందుకు లేచాడో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "ఏమో అల్లుడా, రమ్మన్నడు, పోయిన" అనేవాడు.

నేనూ కాకా వెనకాలే పరుగెత్తాం. అవతలి జట్టువాడొకడు బంతి తన్నుకుంటూ గోల్ మీదికి వచ్చాడు. మామ వంగి, చేతులు చాచి, కళ్ళు చిన్నవి చేసి నిలబడ్డాడు. ఆ వంగడం చూడగానే నాకు మా ఊరి చెడుగుడు బరి కళ్ళముందు కదిలింది, కొంప మునిగిందనుకున్నాను. అన్నట్టే అయింది. మామ ఒక్క ఉదుటున దూకి బంతిని వదిలేసి ఆ మనిషి చీలమండ పట్టేశాడు. వాడు కింద పడి గింజుకుంటున్నాడు, మామ వదలడు. బంతి తనంతట తాను దొర్లుకుంటూ పోయి గోల్‌లో పడింది. మామ ఆయాసపడుతూ గర్వంగా నావైపు చూసి "అవుటే గదరా అల్లుడా?" అన్నాడు. ముసలివాళ్ళు చాప మీద పడి పడి నవ్వారు. ఒకాయన గావా కప్పు ఒలకబోసుకున్నాడు. అన్ని రోజుల తర్వాత మామ తనంతట తాను మాట్లాడిన మాట అది. నాకు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. ఆ పూట మామ కాక పెట్టిన అన్నమంతా తిన్నాడు.

అప్పటి నుంచి శుక్రవారం అంటే మామకు ప్రాణం లేచొచ్చేది. బుధవారం నుంచే గోడ వదిలి మావైపు తిరిగి మాట్లాడేవాడు. బంతి పట్టడం త్వరగానే వచ్చింది, చెడుగుడు చేతులు కదా. క్యాంపు తుక్కులో పడున్న పరంజా పైపులు ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చి గోల్ పోస్టులు పాతింది కూడా ఆయనే. మమ్మల్ని కూడా ఆటలోకి లాగారు. అయితే మావాళ్ళతో ఒక చిక్కు. మనకు మనిషికి కాలు తగిలితే వంగి వాళ్ళను తాకి ఆ చేయి కళ్ళకద్దుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ ఆటలోనేమో కాలు తగలని క్షణం ఉండదు! తగిలినప్పుడల్లా మేం ఆగడం, వంగడం, అద్దుకోవడం, ఈలోపల అవతలివాడు బంతితో పారిపోవడం. మేం కింద ఏదో పడేసుకుని వెతుక్కుంటున్నామని వాళ్ళు అనుకునేవాళ్ళు. "క్యా గుమ్ గయా?" అని అడిగేవాళ్ళు. ఏం పోయిందని చెప్పాలి?

ఒక శుక్రవారం గోల్ ముందు ఎగిరొచ్చిన బంతికి సాలెం తల అడ్డం పెట్టబోయాడు, అదే బంతిని తన్నబోయి మామ కాలెత్తాడు. ఆ కాలు పోయి సాలెం మూతికి తగిలింది. పెదవి చిట్లి రక్తం. ఆటలో ఇవన్నీ మామూలే, సాలెం ఉమ్మేసి లేవబోయాడు కూడా. మామ మాత్రం కొయ్యబారిపోయాడు. మనిషి ముఖం మీద కాలు! అమాంతం పడిపోయి సాలెం రెండు పాదాలు పట్టుకుని వాటిమీద నుదురు ఆనించాడు. అక్కడే బద్దలయ్యాడు. "అవ్వా, ఓ అవ్వా" అని కన్నతల్లిని పిలుస్తూ, చావు కబురు వచ్చినప్పుడు రాని ఏడుపంతా ఆ పాదాల మీద పడి ఏడ్చాడు. సాలెం నిప్పు తొక్కినట్టు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ముఖం పాలిపోయింది. "అస్తగ్‌ఫిరుల్లా, అస్తగ్‌ఫిరుల్లా" అంటూ దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. చాప మీది ముసలివాళ్ళు లేచి చాప చుట్టేశారు. ఏం జరిగిందో మాకు అంతు పట్టలేదు.

తర్వాతి శుక్రవారం ఆట లేదు. ఉప్పునేల ఖాళీగా ఉంది. మామ మళ్ళీ గోడవైపు తిరిగాడు, ఈసారి ఇంకా ఘోరంగా. "నేను కాలు వెట్టిన. మొక్కితె గూడ తీసుకోలె. మా అవ్వ కాళ్ళు మొక్కకుంట వచ్చిన నాడే నాకిది రాసుంది" అన్నాడు. బస్సెక్కే తొందరలో అమ్మమ్మ కాళ్ళు మొక్కకుండా వచ్చేశాడట. అదెన్నడూ చెప్పలేదు. ఇక లాభం లేదని నర్సయ్య కాకా నేనూ సాలెం ఇంటికి పోయాం. కోపంతో ఉన్నాడేమో, కాళ్ళు పట్టుకునైనా బతిమిలాడదామనుకున్నాం. అదృష్టం, ఆ పని చేయలేదు. సాలెం వాకిట్లో ఒంటె జీనుకు తాళ్ళు పేనుతూ కూర్చున్నాడు. పెదవి ఇంకా వాచి ఉంది. మాకు గావా పోశాడు. కాక తన హిందీలో "ఉస్కో మాఫ్ కరో సాబ్" అన్నాడు, వాణ్ణి క్షమించండి అని. సాలెం నిజంగానే అయోమయంగా చూశాడు. తను మామను క్షమించడమేమిటి? తప్పు తనదట. తల వంచేది అల్లా ఒక్కడికే, ఒక మనిషి తన పాదాల మీద తల పెడుతుంటే తను ఆపలేకపోయాడట, ఆ పాపం తనకు చుట్టుకుందట. ఇక ఆ మనిషికి ముఖమెట్లా చూపించాలి అని నన్నే అడిగాడు. నేను కాక ముఖం చూశాను, కాక నా ముఖం చూశాడు. అక్కడ గదిలో ఒకడు, ఇక్కడ వాకిట్లో ఒకడు, ఇద్దరూ తప్పు నాదంటే నాదని కుమిలిపోతున్నారు. ఎవరి తప్పు ఎవరికి విప్పి చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో నాకు దిక్కు తోచలేదు. చివరికి నాకు చేతనైన ముక్కల్లో, మాకు కాలు తగలడం పాపమని, ఆయన తల్లి పోయిందని, కొడుకుగా నిప్పు పెట్టలేకపోయాడని చెప్పాను. తల్లి అన్న మాట మాత్రం సాలెంకు అర్థమైంది. చేతిలో తాడు కింద పెట్టాడు.

ఆ పై శుక్రవారం తలుపు తోసుకుని సాలెం వచ్చాడు. మొదటిసారి లాగే దుప్పటి లాగాడు, రెక్క పట్టుకున్నాడు. ఉప్పునేల మీద అందరి నడుమ మామను ఎదురుగా నిలబెట్టాడు. తన కాలితో మామ కాలిని మెల్లగా తన్నాడు. మేం బిత్తరపోయి చూస్తున్నాం. సాలెం వంగలేదు. నిటారుగా నిలబడే చేయి చాచి మామ భుజం తాకి, ఆ చేతిని తన కళ్ళకద్దుకున్నాడు. "ఐసా. నీచే నై. ఖలాస్" అన్నాడు. ఇట్లా చెయ్యి, కిందికి వంగొద్దు, అయిపోయింది. తర్వాత ఆయన కూడా కాలు తగిలించి, భుజం తాకి, కళ్ళకద్దుకున్నాడు. చాప మీద పెద్దాయన ఒకడు కర్ర ఎత్తి ఏదో అన్నాడు. ఆట మొదలైంది. ఆ పూట మామ గదికి వచ్చి తొక్కు సీసా మూత తీశాడు. అందరి పళ్ళేల్లో తన చేతితో వడ్డించాడు. వెంట వచ్చిన సాలెంకు కూడా పెట్టాడు. పాపం ఆ మనిషి ఒక ముక్క కొరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని దగ్గాడు, కానీ వదలకుండా తిన్నాడు.

అప్పటి నుంచి అదే ఆ మైదానం పద్ధతయింది. కాలు తగిలితే భుజం, కళ్ళు, ఆ తర్వాతే బంతి. రువైస్ క్యాంపు జట్టు వచ్చి ఇదేం నత్తనడక ఆట అని గోల చేస్తే సాలెం వినలేదు, "హమారా మైదాన్" అన్నాడు. ఆ పద్ధతి పట్టుకుని ఎన్ని గోల్స్ పోగొట్టుకున్నామో! గొట్టాల పని ముగిసి మమ్మల్ని వేరే చోటికి మార్చేదాకా మామ ప్రతి శుక్రవారం గోల్‌లో నిలబడ్డాడు. తర్వాత ఊరికి వచ్చి మామూలుగా బతికి, మామూలుగా ముసలివాడై పోయాడు. సురేశ్ వాళ్ళ అమ్మమ్మ పోయినప్పుడు వాడు బనియాస్‌లో కూర్చునే ఫోన్‌లో చితి అంటుకోవడం చూశాడు. చూసి, ముఖం కడుక్కుని డ్యూటీకి పోయాడు. వాడిది మేలా, మామది మేలా, నాకు తెలియదు. చూడటం మంచిదనే అనుకుంటాను. మళ్ళీ అంతలోనే, వాడి దుప్పటి ఎవరు లాగారు అనిపిస్తుంది.

అదంతా తలచుకుంటూ కారు దిగి నడిచాను. ఉప్పునేల లేదు. పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ జాలి, పైన పెద్ద పెద్ద దీపాలు. స్థానికుల పిల్లలు రంగు బనియన్లు వేసుకుని ఆడుతున్నారు. ఇది మా చోటేనా కాదా అని తేల్చుకోలేక జాలి పక్కన సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. అంతలో ఒకడి బూటు ఇంకొకడి పిక్కకు తగిలింది. తన్నినవాడు ఆగాడు. నిటారుగా నిలబడి, వాడి భుజం తాకి, చేతిని కళ్ళకద్దుకుని, మళ్ళీ పరుగెత్తాడు. నా కళ్ళను నేనే నమ్మలేదు. మరికాసేపటికి ఇంకొకడు కూడా అట్లాగే చేశాడు. ఆట నడుమ నీళ్ళు తాగడానికి వచ్చిన పిల్లవాణ్ణి, అదేమిటని సురేశ్‌తో అడిగించాను. వాడు ఛాతీ విరుచుకుని చెప్పాడు, సురేశ్ నాకు చెప్పాడు: "ఈ ఊరి కానూనట పెద్దబాపూ. వాళ్ళ తాతల, ముత్తాతల కాలం నుంచి ఉందట. ఒంటెలు తోలే కాడికెంచి వచ్చిందట. బయటి టీములు నవ్వుతయట గని వీళ్ళు విడిచిపెట్టరట."

కాదురా, అది మా మామది, మా అమ్మమ్మ నేర్పింది, అని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ వంగకుండా నిలబడటం సాలెంది కదా. మరి అది ఎవరిదైనట్టు? ముత్తాతలదని వాడంత గర్వంగా చెబుతుంటే కాదనడానికి నాకు నోరు రాలేదు. సాలెం ఉన్నాడా, పోయాడా అని అడగాలనుకుని కూడా అడగలేకపోయాను. ఆ పిల్లల్లో ఒకడు బక్కపలచగా, నవ్వకుండా ఆడుతున్నాడు. వాడివైపే చూస్తుండగా బంతి జాలి తలుపులోంచి దొర్లుకుంటూ నా దగ్గరికే వచ్చింది. దాని వెనక పరుగెత్తుకొచ్చిన వాడి బూటు నా పాదానికి తగిలింది. వాడు బంతి తీసుకోలేదు. ముందు నా భుజం మీద చేయి వేసి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు బంతి తీసుకుని వెళ్ళిపోయాడు.

నాకు అమ్మమ్మ కోసం రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇన్నేళ్ళు అది ఎక్కడుందో! సురేశ్ కంగారుపడి భుజం పట్టుకున్నాడు. "ఏమైంది పెద్దబాపూ? దెబ్బ తాకిందా?"

"ఏం లేదురా" అన్నాను. "కాలు తగిలింది."